లెక్కకు రాని రెండు తూటాలు

“సంతకం పెట్టమ్మా,” అంటూ తండ్రి ఫారాన్ని మళ్లీ ముందుకు తోశాడు.

కూతురు పిట్ట ఒళ్లోంచి చేతులు తీయలేదు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఆయన ఆ మాట అనడం ఇది నాలుగోసారి. భోజనాల బల్లకు ఒక కొసన తోలు ఒరలో ఆయన రివాల్వరు, ఇంకో కొసన పొడవాటి పెట్టెలో ఆమె రైఫిలు. మధ్యలో ఆ కాగితం. ఇంటికి ఒకే ఆయుధం అన్న కొత్త ఉత్తర్వుకు గడువు ఈ సాయంత్రం అయిదింటితో సరి. ‘అప్పగిస్తున్న ఆయుధం’ అన్న గడిలో ఆయన అప్పుడే రైఫిలు నంబరు రాసేశాడు. దాని లైసెన్సు కూతురి పేరున ఉంది కాబట్టి ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

“ఇంకో ఇరవై రోజుల్లో సెలక్షన్లు నాన్నా.”

“తెలుసు.”

“తెలిసే రాశారా?”

ఆయన ఫారం అంచు సరిచేశాడు. పక్క గదిలో తల్లి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. ఇస్త్రీపెట్టె బల్లకు తగిలిన చప్పుడు కాస్త గట్టిగానే వినిపించింది.

“మీ క్లబ్బులో పెట్టుకోవచ్చుగా,” అన్నాడు చివరికి.

“క్లబ్బు లాకరు గదికి సీలు వేశారు. కొత్త పర్మిషన్ వచ్చేదాకా తెరవరు. పోయిన వారమే చెప్పాను, మీరు ఊఁ అన్నారు. ఈమధ్య ఏం చెప్పినా ఊఁ అంటున్నారు.”

తల్లి గుమ్మంలోకి వచ్చింది. పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సు. గొంతు పెంచడం ఆమెకు అలవాటు లేదు.

“నా మాట ఈ ఇంట్లో ఎవరికీ పట్టదు గానీ, రెండూ ఇచ్చేయండి. పీడ విరగడవుతుంది.”

“పిల్ల ఆట కూడా పీడేనా నీకు?” అన్నాడాయన.

“అది ఆటేనని నాకూ తెలుసు. మీది ప్రాణానికి కాపలా అనీ తెలుసు. కానీ నేను దూది కుక్కేది కన్నంలో. అది ఆటకు కొన్నదాని వల్ల పడిందా, కాపలాకు కొన్నదాని వల్ల పడిందా అని కన్నం చెప్పదు.”

“అమ్మా, నా రైఫిలు పదేళ్లలో అట్టముక్క తప్ప ఇంకేదీ చూడలేదు.”

“నేను నిన్ను అనలేదే పిట్టా.”

“రెండూ అన్నావుగా.”

మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తోడికోడలు దిగి వచ్చింది, చేతిలో బంకు తాళాలు. పెట్రోలు బంకు అన్నదమ్ములిద్దరిదీ. రెండేళ్ల కిందట పట్టపగలు దొంగలు పడి, గల్లా గదిలో ఉన్న తమ్ముణ్ని పొడిచి చంపి పోయారు. అప్పటినుంచి ఆ గదిలో, అదే కుర్చీలో, ఆమే కూర్చుంటోంది. వద్దని ఎంతమంది చెప్పినా వినలేదు.

“రివాల్వరు ఉండాలక్కా,” అంది. “ఆ రోజు అది ఈ ఇంట్లో బీరువాలో ఉంది. మీ మరిది అక్కడున్నారు.”

అంతే అంది. ఆమె ఈ మాట ఎప్పుడన్నా ఆ తరువాత మాట్లాడటానికి ఎవరికీ ఏమీ మిగలదు. నర్సు వెనక్కి వెళ్లి ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. పిట్ట పిన్ని ముఖం వంక ఒకసారి చూసి, పెన్ను అందుకుని, సంతకం గీకేసింది.

“కోచ్ తన రైఫిలు ఇస్తానన్నారు,” అంది లేస్తూ. “చేతిలో లైసెన్సు ఉంటే చాలట. తీసుకెళ్లండి.”

“నువ్వూ రావాలి. గుమాస్తా ముందు ఇంకో సంతకం ఉంటుంది.”

“నేనూ వస్తాను,” అంది తల్లి.

“నువ్వెందుకు ఎండలో? సాయంత్రం డ్యూటీ పెట్టుకుని.”

“పిల్ల దాని ప్రాణం లాంటి వస్తువు ఇచ్చేస్తోంది. పక్కన ఉంటాను.”

ఆయనకు అది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆమెకు అప్పుడు తెలియలేదు.

*

స్టేషను వరండాలో అప్పటికే నలభై మంది ఉన్నారు. ప్రతివాళ్ల దగ్గరా దుప్పట్లోనో, గోనెపట్టాలోనో చుట్టిన పొడుగాటి మూట. ఎవరూ ఎవరి మూట వంకా చూడటం లేదు, అందరికీ అందులో ఏముందో తెలుసు కాబట్టి.

వాళ్ల ముందు ఒక రైతు ఉన్నాడు. ఆయనకు రెండు నాటు తుపాకులకు లైసెన్సు ఉంది, పొలం ఒకటి కొండకిందా ఒకటి వాగుపక్కనా ఉన్నందుకు. ఒకటి ఇచ్చేయాలి.

“ఏ పొలందివ్వమంటారు సార్?” అని అడుగుతున్నాడు గుమాస్తాను.

“అది మీ ఇష్టం.”

“నా ఇష్టం కాదు సార్, పందుల ఇష్టం. మీరే ఒక నోటీసు రాసివ్వండి, వాగు పక్కన అంటిస్తాను. ఈ యేడు అటు రావద్దని.”

వెనక కొందరు నవ్వారు. గుమాస్తా కూడా నవ్వాడు గానీ కలం ఆపలేదు. కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని, “పెద్దాయనా, నన్ను తిట్టుకోకండి,” అన్నాడు. “పోయినేడు ఈ స్టేషను పరిధిలో లైసెన్సున్న తుపాకులతోనే పదకొండు మంది పోయారు. పదకొండింటికీ పంచనామా రాసింది నేనే. అందులో ఒక్కడు కూడా దొంగ కాదు. ఒకడు ఎనిమిదేళ్లవాడు, వాళ్ల నాన్న తుడుస్తుంటే పేలింది.”

రైతు వాగుపక్క పొలం తుపాకి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

తండ్రి రివాల్వరు చూపించడానికి బల్ల మీద పెట్టాడు. పిట్ట పెట్టె తెరిచింది. గుమాస్తా ఆమె తూటాలు లెక్క చూసుకుని, రైఫిలు వంక చూసి, “బాగా పెట్టుకున్నావమ్మా,” అన్నాడు. ఆ మెచ్చుకోలుకు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“ఉంచుకునేది రివాల్వరు. సరే. తూటాలేవి?” అని ఆయన తండ్రిని అడిగాడు.

“ఉంచుకునేవాటికి కూడానా? అప్పగించేవాటికేగా లెక్క చూసేది?”

“నిన్నటిదాకా అంతే. ఇవాళ పొద్దున మార్చారు. మీ పేరున ఇరవై అయిదు ఉన్నాయి. తీసుకొచ్చి చూపించండి, అయిదింటిదాకా ఉంటాను.”

“నేను వెళ్లి తెస్తాను,” అని ఆయన గబుక్కున కదిలాడు.

“మీరుండండి నాన్నా, ఇక్కడ మీ సంతకాలే ఉన్నాయి. బీరువాలో పై అరేగా?” అంటూ పిట్ట స్కూటరు తాళం తీసుకుని మెట్లు దిగేసింది.

“పిట్టా, ఆగు,” అన్నాడు. అది ఆమెకు వినిపించలేదు.

ఆ ఇరవై నిమిషాలూ ఆయన బెంచీ మీద కూర్చుని చొక్కా గుండీ ఒకటి తిప్పుతూనే ఉన్నాడు. భార్య నీళ్ల సీసా ఇస్తే వద్దన్నాడు. జ్వరం ఏమైనా వచ్చిందేమోనని ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. నాడి పరుగెడుతోంది.

పిట్ట అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది, ఒక పని సాయం చేశానన్న తృప్తితో.

గుమాస్తా దగ్గర వరసకు అయిదేసి గుంటలున్న చెక్కపలక ఉంది. ఒక్కో తూటా తీసి ఒక్కో గుంటలో నిలబెట్టాడు. నాలుగు వరసలు నిండాయి. అయిదో వరసలో మూడు నిలబడ్డాయి. పెట్టె బోర్లించి తట్టాడు. ఏమీ రాలలేదు.

“ఇరవై మూడు.”

“తుప్పు పట్టాయి. రెండు. పారేశాను.”

“ఎక్కడ?”

“కాలవలో.”

గుమాస్తా కళ్లద్దాలు కిందికి దించుకుని ఆయన్ను చూశాడు. కోపంగా కాదు, అలసటగా.

“కాలిస్తే కాల్చానని రాయండి. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఖాళీ తూటా గొట్టాలేవి, అంతా రాయాలి. పోతే పోయాయని రాయండి. రెంటిలో ఏది రాసినా ఎంక్వయిరీ తప్పదు. అది తేలేదాకా రెండు ఆయుధాలూ ఇక్కడే. రెండు లైసెన్సులూ సస్పెన్షన్లో.”

“నాదెందుకు?” అంది పిట్ట. “నా తూటాలు సరిపోయాయిగా. లైసెన్సు లేకపోతే నేను కోచ్ రైఫిలు కూడా ముట్టుకోకూడదు.”

“ఒక చిరునామాకు ఒకటే ఫైలమ్మా. నేను పెట్టిన రూలు కాదు.”

ఆయన ‘పోయినవి’ అని రాశాడు. నర్సు ఆ కలం వంకే చూస్తోంది. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఆమె ఆ చేతిరాత వేలసార్లు చూసింది. ఇంత వంకరగా ఎప్పుడూ లేదు.

*

ఇంటికి వచ్చేసరికి మూడైంది. తోడికోడలు బంకు నుంచి భోజనానికి వచ్చి, కంచం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. వీళ్ల ముఖాలు చూసి చెయ్యి కడిగేసుకుంది.

“లెక్కపెట్టారా బావగారూ?” అంది.

నర్సు అక్కడే ఆగిపోయింది. ఏమైందని అడగలేదు తోడికోడలు. లెక్కపెట్టారా అని అడిగింది.

“నీకు తెలుసా?” అంది నర్సు.

తోడికోడలు బావగారి వంక చూసింది. బయట ఎవరో బండి స్టార్టు చేయలేక కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది.

“మూడో తారీఖున,” అన్నాడు ఆయన, కుర్చీలో కూలబడుతూ. “గురువారం. బంకులో లైట్లు వేసే వేళ. నేను వెనక ట్యాంకు దగ్గరున్నాను. బండి మీద ఇద్దరొచ్చారు, హెల్మెట్లు తీయలేదు. ఒకడు దిగి తిన్నగా గల్లా గది వైపు నడిచాడు. చేతిలో ఇనప కడ్డీ. లోపల మరదలు ఒక్కతే ఉంది. నాకు తమ్ముడే కనబడ్డాడు. ఒట్టు, వాడే కనబడ్డాడు. రెండుసార్లు కాల్చాను. ఆ కడ్డీవాడు పడబోయి, కుంటుతూ వెళ్లి బండెక్కాడు. వెళ్లిపోయారు. తగల్లేదనుకున్నాను.”

“రక్తం లేదా?”

“మర్నాడు పొద్దున కడిగించాను.”

ఆ ఒక్క మాటతో తగిలిందని ఆయనకు ముందే తెలుసని అందరికీ అర్థమైంది. ఆయనకూ అప్పుడే అర్థమైనట్టు తల దించుకున్నాడు.

నర్సు గోడకు ఆనుకుంది. “గురువారం ఆరున్నరకా?”

“ఆ ప్రాంతంలోనే.”

“కుడి తొడ,” అంది ఆమె. “ఏడుంబావుకు మా దగ్గరికి వచ్చాడు. తెచ్చినవాడు గేటు దగ్గర దించేసి పారిపోయాడు. రక్తనాళం తెగిపోయింది. నాలుగో రోజున మోకాలి పైదాకా కాలు తీసేశారు. తీసిన కాలు పట్టుకున్నది నేను.”

“ఎవరిని గురించి నువ్వు…”

“ఇరవై మూడేళ్లుంటాయి. పైపుల పని చేస్తాడట, వాళ్లమ్మ చెప్పింది. పని నుంచి ఇంటికొస్తూ ఎక్కడ ఏమైందో ఆవిడకి తెలీదు. పోలీసులకీ తెలీదు. వాడు చెప్తేగా, ఇంకా గొంతులో గొట్టం ఉంది.”

పైపుల పని అన్న మాట దగ్గర తోడికోడలు కళ్లు మూసుకుంది.

“ఊళ్లో వాడొక్కడేనా తుపాకి దెబ్బ తిన్నది?” అన్నాడు ఆయన. “వాడే వీడని ఏంటి? పైపుల పనివాడైతే దొంగ కాకూడదని ఏముంది? హెల్మెట్టు ఎందుకు తీయలేదు?”

“నాకు తెలీదు. మీకు తెలుసా?”

నర్సు తోడికోడలి వైపు తిరిగింది.

“చెల్లీ, వాడు ఆ కడ్డీ ఎత్తాడా?”

“నేను కళ్లు మూసుకున్నానక్కా.”

“ముందు చూశావుగా. ఎత్తాడా, ఊరికే పట్టుకున్నాడా?”

“హెల్మెట్టు కనబడగానే మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి ఎవరూ లేరు.” ఆమె కంచం పక్కకు జరిపింది. “బావగారు కాల్చకపోతే నేను ఇవాళ ఉండేదాన్ని కాదేమో. ఉండేదాన్నేమో. ఏదో ఒకటి తెలిస్తే బాగుండును. పందొమ్మిది రోజుల నుంచి అదే ఆలోచన. మెతుకు లోపలికి దిగడం లేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెప్తే నువ్వు చెప్పేస్తావని,” అన్నాడు ఆయన.

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పులేదనిపించింది, అదే ఎక్కువ బాధగా ఉంది.

పిట్ట ఇంతసేపూ కిటికీ దగ్గర నిలబడే ఉంది. “నాన్నా,” అంది. “అప్పగించేవాటికే లెక్క చూస్తారనుకున్నారు. అవునా?”

“పిట్టా…”

“అందుకే నా రైఫిలు నంబరు రాశారు. పిన్ని కోసం కాదు, కాపలా కోసం కాదు. రివాల్వరు అప్పగిస్తే తూటాలు లెక్కపెడతారని.”

“రెండూ ఉన్నాయమ్మా అందులో. పిన్ని భయమూ ఉంది. అదీ ఉంది.”

“పొద్దున పిన్ని ముఖం చూసి సంతకం పెట్టాను.”

ఆయన లేచి కూతురి దగ్గరికి వెళ్లబోయి, సగంలో ఆగి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నర్సు గడియారం చూసింది. అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్లి పాలు స్టవ్ మీద పెట్టి, ఎందుకు పెట్టానా అని ఆపేసింది. తిరిగి వచ్చేసరికి పిట్ట ఆమె కోసమే చూస్తోంది.

“అమ్మా, అతని కాల్లోంచి తూటా తీశారా?”

“తీశారు.”

“ఎక్కడుంది?”

“సీసాలో పెట్టి సీలు వేశాం. వార్డు బీరువాలో ఉంది. పోలీసులు ఇంకా వచ్చి తీసుకెళ్లలేదు.”

“ప్రతి తుపాకీ గొట్టం లోపల గీతలుంటాయి. అవి తూటా మీద పడతాయి. ఏ రెండు తుపాకుల గీతలూ ఒకలా ఉండవు. మన రివాల్వరు ఇవాళ మనమే తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టాం.” ఊపిరి బిగబట్టి గురి చూడటం పదేళ్లు నేర్చుకున్న పిల్ల. మాట ఎక్కడా వణకలేదు. “ఆ బీరువా తాళం నీ దగ్గరే ఉంటుందిగా?”

తండ్రి తలెత్తాడు. తోడికోడలు కూడా. ముగ్గురూ నర్సు వంకే చూస్తున్నారు. ఇస్తావా అని ఎవరూ అడగలేదు. వద్దనీ ఎవరూ అనలేదు.

కూతురు ఏడ్చి అడిగి ఉంటే కొట్టేదేమో. ఇంత నిదానంగా అడిగిన పిల్లను ఏమనాలో నర్సుకు తెలియలేదు. ఇస్త్రీ చేసిన యూనిఫాం తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అయిదు నిమిషాల్లో బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా వెళ్లిపోయింది.

*

ఆసుపత్రిలో పగటి డ్యూటీ నర్సు తాళాల గుత్తి అప్పగించి, “తొమ్మిదో నంబరు పేషంటుకు పొద్దున గొట్టం తీసేశారక్కా,” అంది. “మాట్లాడుతున్నాడు. గొంతు బొంగురుగా ఉంది గానీ తెలివి బాగానే ఉంది. స్టేట్‌మెంటు తీసుకోవచ్చని డాక్టరు గారు స్టేషనుకు కబురు పంపారు. రేపు పదింటికి వస్తారట, ఆ సీసా కూడా తీసుకెళ్తారట.”

“సరే.”

“ఒంట్లో బాగాలేదా అక్కా? అలా ఉన్నావేం?”

“ఎండలో తిరిగాను.”

గుత్తి జేబులో వేసుకుంది. తూటా ఉన్న బీరువా ముందు నుంచే వెళ్లాలి. దాని వంక చూడకుండా ఎనిమిది మంచాలూ చూసుకుంటూ వచ్చింది. జ్వరాలు రాసుకుంది, సెలైను మార్చింది, ఒకాయన దిండు సర్దింది. మామూలుగా ఒక్కో మంచానికి పట్టే సమయం కంటే ఎక్కువే పట్టింది. అయినా తొమ్మిదోది రాక తప్పలేదు.

దుప్పటి కింద ఒకవైపు కాలి ఆకారం ఉంది. రెండోవైపు బల్లపరుపుగా ఉంది. తల్లి స్టూలు మీద కూర్చుని తడిగుడ్డతో కొడుకు పెదాలు అద్దుతోంది. నర్సును చూడగానే ఆవిడ ముఖం విప్పారింది.

“వచ్చారా అమ్మా. పొద్దున్నుంచి మీ కోసమే చూస్తున్నాను. మాట్లాడుతున్నాడండీ. ఒరేయ్, ఈవిడే. నీకు తెలివిలేని రోజుల్లో నిన్ను చంటిపిల్లాణ్ని చూసినట్టు చూసింది ఈవిడే.”

అతను చెయ్యెత్తి దండం పెట్టబోయాడు. సూది ఉన్న చెయ్యి. నర్సు ఆ చేతిని పట్టుకుని కిందికి దించి, నాడి చూసే నెపంతో అలాగే పట్టుకుంది. ముఖం చూడటం కంటే గడియారం చూడటం తేలిక.

“సిస్టర్,” అన్నాడు. ఒక్కో మాటకూ ఆగుతున్నాడు. “ఒకటి అడగాలి. అమ్మను అడిగితే ఆమెకేం తెలీదంటోంది.”

“మాట్లాడకు. గొంతు నొప్పెడుతుంది.”

“పెట్రోలు అయిపోవచ్చింది. బంకులో ఆగాం. బయట ఎవరూ లేరు, డబ్బులు కట్టేద్దామని లోపలికి వెళ్తున్నాను. ఎవరో కాల్చారు. దొంగలేమో, నేను చూడలేదు.” ఊపిరి తీసుకున్నాడు. “గదిలో ఒకామె ఒక్కతే ఉంది. నన్ను చూడగానే ఎందుకో భయపడి కళ్లు మూసుకుంది. మేం పారిపోయి వచ్చేశాం, ఆమెను వదిలేసి. అదే గుర్తొస్తోంది. ఆమెకేమైనా అయిందా సిస్టర్?”

నర్సు నాడి లెక్క మరిచిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ మరిచిపోయింది.

“ఏం కాలేదు,” అంది. “బాగానే ఉంది.”

అతను కళ్లు మూసుకుని, “హమ్మయ్య,” అన్నాడు.

స్టూలు మీద తల్లి చేతిలోని తడిగుడ్డ కదలడం ఆగిపోయింది. ఆవిడ కొడుకును చూడటం మానేసి నర్సు వైపు తిరిగింది. ఆ ముఖంలో ఇంకా అనుమానం లేదు. అర్థంకానితనం మాత్రమే ఉంది.

“ఆమె మీకు తెలుసా అమ్మా?”